కోతి కోటయ్య దూలగొండి దిండ్లు

స్వామి దయవల్ల అందరూ సర్దుకుని కూర్చున్నారు కదా? ముందు వరసలో వాళ్ళు కాస్త కాళ్ళు ముడుచుకోండి. కథలోకి ఎలుగుబంటి కూడా రావాలి, చోటు చాలదు.

నల్లగుట్ట అడవిలో చింతాలు అని ఒక చిట్టెలుక. సాక్షాత్తూ విఘ్నేశ్వరుణ్ణి మోసే వంశం, కానీ ఆ గొప్ప ఎన్నడూ చెప్పుకునేది కాదు. పురుడు పోసుకుని వారమైంది. ఐదుగురు పిల్లలు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, వలిచిన వేరుశెనగ గింజల్లా గులాబి రంగులో ముద్దుగా ఉన్నారు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. బొరియంతా చెమ్మ. పిల్లలకి పొడి పక్క కావాలి.

అడవిలో పరుపులూ దిండ్లూ అమ్మేది కోతి కోటయ్య ఒక్కడే. మద్దిచెట్టు కింద కొట్టు. చేతులకి మోచేతుల దాకా టేకాకులు చుట్టుకుని, ఎప్పుడు చూసినా కొమ్మ మీదే ఉండేవాడు.

"ఆ ఆకులేంటన్నా?" అని అడిగింది చింతాలు.

"మడి చెల్లెమ్మా, మడి. సరుకంటే లక్ష్మి. లక్ష్మిని ఉత్త చేతుల్తో ముట్టుకుంటామా?"

"మరి కిందికి దిగి నీ పరుపు మీదే కూర్చుని అమ్మొచ్చుగా?"

"శివశివా! లక్ష్మి మీద కూర్చోమంటావా?" అని రెండు చెవులూ పట్టుకున్నాడు కోటయ్య.

ఎంత భక్తుడో అనుకుంది పాపం. దాచుకున్న వేరుశెనక్కాయలన్నీ పోసి, అరటినారతో అల్లిన దిండొకటి కొనుక్కుని ఇంటికి ఈడ్చుకుపోయింది. దాని మీద ఎర్రమట్టితో పెద్ద పంజా ముద్ర ఉంది. అంటే పరీక్షాధికారి జాంబయ్యగారు చూసి సరేనన్నారని గుర్తు.

పిల్లల్ని పడుకోబెట్టిందో లేదో ఐదుగురూ ఒక్కసారి కెవ్వుమన్నారు. ఒకడు వీపు గోడకి రాస్తాడు, ఒకతి తమ్ముడి కాలితో తన పొట్ట గోక్కుంటుంది. పాలు పడితే తాగరు, జోల పాడితే వినరు. గులాబి ఒళ్ళు కాస్తా ఎర్రెర్రగా దద్దుర్లు తేలింది. చింతాలు దిండు కుట్టు కొరికి చూసింది. లోపల బంగారు రంగు నూగు. ముక్కుకి తగిలిందంతే, ముక్కు మండిపోయింది.

దూలగొండి! కాయ మీది నూగు ఒంటికి తగిలితే గోక్కోలేక చావాలే, అదే. బూరుగు దూది కావాలంటే చెట్టెక్కాలి, కాయ పగిలేదాకా కాచుకోవాలి. దూలగొండి అయితే ప్రతి పొదకీ వేలాడుతుంది. పైగా అడిగే దిక్కు లేదు.

పిల్లలకి బూడిద రాసి, ఎండుగడ్డి మీద పడుకోబెట్టి, చింతాలు పరుగున జాంబయ్యగారి గుహకి పోయింది. ఆ ఎలుగుబంటిగారు తేనెతుట్టె ముందేసుకుని ఉన్నారు.

"అయ్యగారూ, కోటయ్య దిండ్లలో దూలగొండి ఉందండీ. దాన్ని ఇంటి సామాన్లలో వాడకుండా ఆపించాలండీ."

"ఏవమ్మా, ముద్ర చూడలేదా? ఆ దిండు మీద నేను స్వయంగా గంటసేపు కూర్చున్నాను. నిద్ర కూడా పట్టింది."

"తమ ఒంటి మీద జానెడు బొచ్చుంది కదండీ. తమరు తేనెటీగలకే చలించరు!"

ఆ మాట పొగడ్తో తిట్టో తేలక జాంబయ్యగారు కాసేపు తుట్టె నాకారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, పరీక్షాధికారికి దురద పుట్టకపోతే సరుకు మంచిదే. అది నియమం. ఎవరికైనా దురద పుడితే అది నా కళ్ళముందు పుట్టాలి. నీ పిల్లల దురద నీ ఇంట్లో పుట్టింది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేను."

"పోనీ, ఓసారి మా ఇంటికి..."

"నీ బొరియలో నా బొటనవేలు కూడా పట్టదు. అన్నట్టు, కోటయ్య ఉయ్యాల పరుపులు కూడా చేశాడట. అడవిలో పసిపిల్లలందరికీ. ఎల్లుండి ఏకాదశి, మంచి రోజు. ముద్ర వేసేస్తున్నాను."

చింతాలు గుహ బయటికొచ్చింది. తన ఐదుగురి గోలే వినలేకపోయింది. ఎల్లుండి నుంచి ఉడుతల ఇంట్లో, ముంగిసల ఇంట్లో, పావురాల గూళ్ళలో, ప్రతి ఉయ్యాలలోనూ ఇదే ఏడుపా? దురద అయ్యగారి కళ్ళముందే పుట్టాలట. అందుకని కన్నబిడ్డల్ని మళ్ళీ ఆ దిండు మీద పడేస్తుందా?

ఆలోచించుకుంటూ మద్దిచెట్టు కిందకొచ్చి తలెత్తింది. ఎలుకకి లోకమంతా కింద నుంచే కనిపిస్తుంది కదండీ. పైన కొమ్మ మీద కోటయ్య ఒళ్ళంతా బొచ్చే. ఒక్కచోట మాత్రం లేదు. ఆ ఒక్కచోటా పండిన దొండపండులా ఎర్రగా, నున్నగా మెరిసిపోతోంది.

"విఘ్నేశ్వరా, దారి చూపించావు తండ్రీ!" అని చింతాలు అక్కడికక్కడే మూడు గుంజిళ్ళు తీసి, "కోటయ్యన్నా!" అని పిలిచింది.

"దిండు తిరిగివ్వడానికొచ్చావా? వాపసు లేదు. నీ పిల్లల తోలు పల్చనైతే నా దిండేం చేస్తుంది?"

"అబ్బే, అది కాదన్నా. అడవికి నువ్వు చేస్తున్న సేవకి ఏకాదశినాడు సన్మానం చేద్దామనుకుంటున్నాం. జాంబయ్యగారు అధ్యక్షులు."

"నాకెందుకమ్మా ఇవన్నీ," అన్నాడు కోటయ్య. మరుక్షణం కిందికి వేలాడి, "శాలువా కూడా ఉందా?" అన్నాడు.

"శాలువా, పూలదండ, సన్మానపత్రం. చదివేది గంభీరయ్య మాస్టారు."

గంభీరయ్య మాస్టారంటే గాడిద. మైకు అక్కర్లేని గొంతు. మొదలుపెట్టడమే ఆయనకి తెలుసు, ఆపడం ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు.

ఏకాదశి వచ్చింది. అడవంతా వచ్చింది. బండరాయి మీద వేదిక, దాని మీద కోటయ్య కొట్లో కొన్న దిండు. చింతాలు దాని కుట్టు మళ్ళీ వేసి, చుట్టూ బంతిపూలు పేర్చింది. కోటయ్య టేకాకులు తీసేసి, బొట్టు పెట్టుకుని వచ్చాడు. దిండు చూసి ఠక్కున ఆగిపోయాడు.

"నేను నిలబడే ఉంటానమ్మా. వినయం!"

"సన్మానం చేయించుకునేవాడు నిలబడితే మేమెలా కూర్చుంటాం?" అన్నారు జాంబయ్యగారు. "కూర్చో, కూర్చో!" అంది అడవి.

"లక్ష్మి కదండీ... లక్ష్మి మీద..."

"అన్నా, ఆ దిండుకి నేను వెల ఇచ్చేశాను," అంది చింతాలు చేతులు జోడించి. "లక్ష్మి ఆరోజే నీ దగ్గరికి వచ్చేసింది. ఇక్కడ మిగిలింది ఉత్త దిండే. లేకపోతే అందులో ఇంకేమైనా ఉందా అన్నా?"

సభంతా కోటయ్య మొహంలోకి చూసింది. ఉందంటే కొట్టు మూత. లేదంటే కూర్చోవాలి. కోటయ్య కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని, కూర్చున్నాడు.

గంభీరయ్య మాస్టారు అరిటాకుల కట్ట విప్పాడు. "అడవి ముద్దుబిడ్డా! కొమ్మల కోహినూరూ!"

కోటయ్య ఎడమపక్కకి ఒరిగాడు.

"నీ సుగుణాలు వర్ణింప ఎవరి తరం? అయినను ప్రయత్నించెదను!"

కుడిపక్కకి ఒరిగాడు. చదివిన ఆకు చదివినట్టే నమిలేస్తూ మాస్టారు మూడో ఆకులోకి వచ్చాడు. కోటయ్య ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఆనందం పట్టలేకపోతున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"బాల్యమునందు నీవు..."

"బాల్యం వదిలేయండి మాస్టారూ!" కోటయ్య పళ్ళు బిగించాడు.

"వినయము చూడుడు!" అని మాస్టారు బాల్యం మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.

అంతే. కోటయ్య శాలువా విసిరేసి, తాటిచెట్టంత ఎత్తు ఎగిరి, రెండు చేతులతోనూ పరపరా గీరుకుంటూ, "ఓరి దేవుడో! దూలగొండిరో! అందులో అంతా దూలగొండేరో!" అని అరుస్తూ గేదెల బురదగుంటలోకి దూకాడు.

సభ నోరు తెరిచింది. జాంబయ్యగారు లేచి, ఇదేమిటా అని దిండు దగ్గరికి వంగి వాసన చూశారు. బొచ్చులేని చోటు ఎలుగుబంటికీ ఒకటుంటుంది కదండీ, అది ముక్కే. ఇరవై ఏడు తుమ్ములు తుమ్మారు. ఇరవై ఎనిమిదో తుమ్ము వచ్చేలోగా తీర్పు మొదలుపెట్టేశారు.

"ఇకమీదట ఈ అడవిలో పరుపులో గాని, దిండులో గాని, ఉయ్యాలలో గాని దూలగొండి నింపకూడదు, అమ్మకూడదు! ఉన్నవన్నీ తగలబెట్టండి, గాలివాటం చూసి! ఇకనుంచి సరుకు పరీక్ష చేసేది చింతాలమ్మ. ఆవిడ సరేనన్నాకే... హాఛ్!... నా ముద్ర!"

చింతాలు దండం పెట్టి, పాలవేళైందని ఇంటికి పరుగెత్తింది.

కోటయ్య పీకలదాకా బురదలో దిగబడ్డాడు. పైకొస్తే దురద, ఉంటే బురద. గంభీరయ్య మాస్టారు నింపాదిగా గట్టు మీదికొచ్చి నిలబడి, గొంతు సవరించుకుని, "నాయనా, ఇంకా పదకొండు ఆకులున్నాయి," అని మొదలుపెట్టాడు.

నీతి: సరుకు మంచిదో కాదో చెప్పాల్సింది మందపాటి తోలు కాదు, పసిపిల్లల ఒళ్ళు.