కడుపుతో ఉన్న తుపాకి

అనగనగనగా, కొండ దిగువన ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక కమ్మరి. పనిలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. మనసులో ఒక మాట పెట్టుకున్నాడంటే ఇక తియ్యడు. కోడలు నూకాలు కాపరానికొచ్చి ఏడాదైంది, ఆ పిల్లతో ఒక్క మాట సూటిగా మాట్లాడలేదు. ఎందుకంటారా? పెళ్ళిలో ఆయన కూర్చున్న బంతి దాకా వచ్చేసరికి గారెలు అయిపోయాయి. వియ్యంకుడు చూసీ చూడనట్టు పోయాడు. నేనైనా మర్చిపోను, అది వేరే సంగతి.

కోడలికేమైనా చెప్పాలంటే గోడకి చెప్పేవాడు. "ఓ గోడా, దాహమేస్తోంది" అంటే నూకాలు చెంబుతో నీళ్ళు తెచ్చేది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేనూ గోడకే చెప్పుకోవాలి.

ఆ ఊరి రాజుగారికి తాతలనాటి తుపాకి ఒకటుంది. మూతిలోంచి మందు కూరి పేల్చే రకం. అమ్మవారి పండక్కి అది పేలితేనే ఘటం ఊరేగింపుకి లేస్తుంది. ఆ ఏడు తీసి చూస్తే తుప్పే తుప్పు. గొట్టం వెనక కొసకి మూతలాగా మర బిరడా ఒకటి బిగించి ఉంటుంది. అది విప్పితేగాని లోపల తోమడానికి లేదు. రాజుగారు గవరయ్యని పిలిపించి, పండగలోపు విప్పి, తోమి, మళ్ళీ బిగించి తెమ్మన్నాడు. నీవల్ల కాకపోతే కోటపని ఇక పొరుగూరి కమ్మరిదే అన్నాడు. ముత్తాత నాటినుంచీ గవరయ్య ఇంట్లో ఉన్న పని అది.

పట్టకారేసి గవరయ్య తిప్పాడు, రాలేదు. కొడుకు తిప్పాడు, రాలేదు. ఇద్దరూ కలిసి తిప్పారు, రాలేదు. సుత్తితో కొట్టారు, రాలేదు. తిట్టారు, రాలేదు. దణ్ణం పెట్టారు, రాలేదు. ఇంక లాభం లేదు, కొలిమిలో పెట్టి ఎర్రగా కాలుద్దాం, తిత్తి ఊదరా అన్నాడు గవరయ్య.

అప్పుడు నూకాలు గుమ్మంలోంచి, "మావా, ముందోసారి పుల్ల పెట్టి చూస్తారా?" అంది.

గవరయ్య గోడకేసి తిరిగాడు. "ఓ గోడా, గారెలు వడ్డించలేనోళ్ళు నాకు కొలిమిపని నేర్పుతున్నారు, విన్నావా?"

నూకాలు సన్నటి వెదురుపుల్ల తెచ్చి గొట్టంలోకి దింపింది. మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టుకుని, పైకి తీసి, గొట్టం పక్కనే ఆనించి చూపించింది. ఖాళీ గొట్టమైతే వెనక కొసనున్న నిప్పు తగిలించే చిల్లు దాకా దిగాలి, పుల్ల దానికి బెత్తెడు ఇవతలే ఆగిపోయింది.

గవరయ్య మొహంలో నెత్తురు లేదు. పోయిన పండగ తరవాత ఎవరో ఏ వేటకో కూరిన మందు, పేల్చకుండా వదిలేసింది, అలాగే ఉంది లోపల. "కడుపుతో ఉన్నదాన్ని నిప్పుల్లోకి తోస్తారా మావా?" అంది నూకాలు.

తోసుంటే? కొలిమి లేదు, తిత్తి లేదు, గవరయ్య లేడు, గవరయ్య మీసం లేదు, మీకు కథా లేదు.

గొట్టాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, మందంతా బురదయ్యేదాకా నానబెట్టారు. ఆపైన పురిటినొప్పుల మనిషికి చేసినట్టే చేసింది నూకాలు. బిరడా అంచున ఆముదం, ఆమీద వేడినీళ్ళ గుడ్డతో కాపడం. మళ్ళీ ఆముదం, మళ్ళీ కాపడం. గవరయ్య ఊరుకుంటాడా? విప్పేముందు గొట్టం మీదినుంచి బిరడా మీదికి ఉలితో సన్నటి గీత గీశాడు, బిగించేటప్పుడు గీతకి గీత కలవాలని. గొట్టానికి తోలు చుట్టి, చింతమొద్దుల మధ్య బిగించి, పట్టకారేసి తిప్పాడు.

కిర్రుమంది. బిరడా ఊడొచ్చింది. వెనకే నల్లటి బురద, బురదలో సీసపు గుండు.

"మగబిడ్డ మావా," అంది నూకాలు.

గవరయ్యకి నవ్వొచ్చింది. గోడకేసి తిరిగి నవ్వాడు.

తుప్పు తోమి, మరలకి కొవ్వు రాసి, గీతకి గీత కలిసేదాకా బిగించాడు. పండగనాడు తుపాకి ఢామ్మని పేలింది, ఘటం లేచింది, డప్పులు మోగాయి. రాజుగారు గవరయ్యకి శాలువా కప్పాడు. గవరయ్య అది తీసి, ఊరంతా చూస్తుండగా కోడలి భుజాన వేశాడు. గోడ వంక చూడలేదు. "అమ్మా నూకాలూ, ఇది నీది," అన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే, "మీ నాన్నని మాత్రం గారెలు పట్టుకుని రమ్మను," అన్నాడు.

వియ్యంకుడు గంపెడు గారెలతో వచ్చాడు. గవరయ్య గంప అడుగు కనపడేదాకా తిన్నాడు. తిని, ఒకటి మాడిందని మనసులో పెట్టుకున్నాడు.

అందుకే పిల్లలూ, మూసి ఉన్నదేదైనా తెరిచేముందు లోపలేముందో చూసుకోవాలి, చూడమన్నవాళ్ళ మాట వినాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.