టింగు గాడి సగం గూడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన ఒక తుమ్మచెట్టు. దాని మీద టింగు అనే గిజిగాడు ఉండేవాడు.

గిజిగాళ్ల పద్ధతి తెలుసుగా? మగపిట్ట గడ్డిపోచలతో సగం గూడు అల్లి ఆగిపోద్ది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చిందంటేనే మిగతా సగం. నచ్చలేదా, అది అలా వేలాడాల్సిందే.

మన టింగు కూడా సగం అల్లి కూర్చున్నాడు. మొదటి పిట్ట వచ్చి, "అబ్బే, మరీ ఊగుతోంది" అని ఎగిరిపోయింది. రెండోది, "ముళ్లు గుచ్చుకుంటాయి బాబూ" అంది. మూడోదైతే ఇటు తొంగి కూడా చూడలేదు. పక్క కొమ్మ మీద గూట్లోకి దూరిపోయింది.

ఇక పక్క చెట్టు మీదుండే పిచ్చుకత్త ఊరుకుంటుందా? పొద్దున్నే వచ్చి వాలేది.

"ఏరా టింగూ, ఇంకా ఒంటికాయ సొంఠికొమ్మేనా?"

ఇంతలో వానలు మొదలయ్యాయి. సగం గూటికి కప్పు ఉంది గానీ గోడలేవి? జల్లు ఇటు నుంచి కొట్టి అటు నుంచి పోయేది. టింగు ముద్దముద్దగా తడిసి, గజగజా వణికి, తుమ్మీ తుమ్మీ నీరసపడిపోయాడు.

కింద తొర్రలోంచి ఉడుత తాత తల బయటపెట్టాడు. "మిగతాది అల్లేసుకోవచ్చుగా నాయనా?"

"ఎవరి కోసం తాతా? ఎవరూ రాలేదుగా."

"మరి ఆ తడుస్తున్నది ఎవర్రా?"

టింగు తన తడిసిన రెక్కలకేసి చూసుకున్నాడు.

వాన తెరిపిచ్చింది. టింగు గడ్డిపోచలు చీల్చుకొచ్చి అల్లడం మొదలుపెట్టాడు. పిచ్చుకత్త పకపకా నవ్వింది.

"పెళ్లికూతురే లేదు, అప్పుడే పెళ్లిపందిరా?"

"పందిరి కాదత్తా. ఇల్లు."

గోడలు అల్లాడు. లోపల బంకమట్టి మెత్తాడు. వాగంటే ఇష్టం కదా, అది కనిపించేలా చిన్న కన్నం కూడా ఉంచుకున్నాడు.

మళ్లీ పెద్ద వాన పట్టుకుంది. పిచ్చుకత్త గూడు కొట్టుకుపోయింది. పాపం, నీళ్లు కారుతూ వచ్చి వాలింది.

"ఒరేయ్ టింగూ, కాస్త చోటుందా?"

"రా అత్తా. కాళ్లు దులుపుకుని రా, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది."

లోపల వెచ్చగా ఉంది. ఇద్దరూ గింజలు నములుతూ కూర్చున్నారు. అత్త మెల్లగా అడిగింది.

"ఒక్కడివే ఉంటే బెంగ రాదట్రా?"

"ఒక్కోరోజు వస్తది అత్తా. కానీ తడవట్లేదుగా."

అత్త తన ముందున్న గింజ వాడి వైపు జరిపింది.

తెల్లారి చూస్తే, చెట్టు మీద మిగిలిన సగం గూళ్లోళ్లంతా, తామూ పూర్తి చేసుకుందామని, గడ్డిపోచల కోసం కొట్టుకుంటున్నారు.

నీతి: ఎవరో వస్తారని నీ ఇల్లు సగంలో ఆపకు. అందులో ముందు ఉండాల్సింది నువ్వేగా.