మట్టిలో ఉండగా తట్టిన రాయి

మా ఓబులమ్మ అవ్వకు ఒక అలవాటు ఉండేది. కూర్చుని ఎవరికీ సమాధానం చెప్పేది కాదు. ప్రశ్న అడిగితే చాలు, గోడకు ఆనించిన చేతికర్ర అందుకుని "పద నాయనా" అనేది. ఎక్కడికి అని అడిగినవాళ్ళను అక్కడే వదిలేసి తాను వెళ్ళిపోయేది. అమ్మా, అయ్యా, ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఎర్రమల కొండల కింద ఆ తల్లి కుటీరంలో పదకొండేళ్ళు నీళ్ళు మోసినవాణ్ణి నేను. ఆమె వెనక నడిచి కళ్ళతో చూసినదే చెబుతాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఒక ఆదివారం పొద్దున సుంకన్న వచ్చాడు. ఊళ్ళో మందుల షాపు ఆయనదే. నుదుట నిలువు నామం, చేతిలో అరటిపళ్ళు, ఏకాదశి ఉపవాసం తప్పని మనిషి. అవ్వ కాఫీ గ్లాసు అందించబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఇంకో అరగంట ఆగాల అవ్వా. థైరాయిడ్ మాత్ర వేసుకున్నా. గొంతులో ఊరాల్సింది ఊరడం లేదంట. పన్నెండేళ్ళుగా ఆ మాత్రతోనే బండి నడుస్తాంది."

"సరే, ఆగు" అంది అవ్వ.

ఆ అరగంటలోనే ప్రశ్న బయటికి వచ్చింది. నలభై రోజుల కిందట ఒక మనిషి చీటీ పట్టుకుని ఆయన షాపుకు వచ్చిందట. కట్టింది చీర, గొంతు మగగొంతు. చీటీ రాసింది కర్నూల్లో హార్మోన్ల డాక్టరు. మూడు నెలలకోసారి చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు కూడా కలిపి కుట్టి తెచ్చింది. ఇన్నాళ్ళూ కర్నూలు నుంచి మందు తెచ్చిపెట్టినవాళ్ళు ఊరు మారారట. రాసిన మందులు రెండు. ఒంట్లోని మగ హార్మోనును అణచేది ఒకటి, ఆడ హార్మోను ఇచ్చేది ఇంకొకటి. ఆ రెండోది, నెలసరి ఆగిన ఆడవాళ్ళకు సుంకన్న ఎప్పుడూ అమ్మే మాత్రే. రెండూ అలమరలోనే ఉన్నాయి. అయినా ఆయన "స్టాకు లేదు, వచ్చే వారం రా" అన్నాడు. ఆమె మరుసటి వారం వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆయన అదే మాట చెప్పాడు.

"దేవుడు మగవాడిగా పుట్టించినాడు. ఆయన చేసినదాన్ని మందు పోసి మార్చేది పాపం కాదా అవ్వా? ఆ పాపానికి పొట్లం కట్టి ఇచ్చే చేయి నాదే కదా? నువ్వు ఇవ్వమంటే ఇస్తా, వద్దంటే మానేస్తా. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు."

అవ్వ చేతికర్ర అందుకుంది. "పద నాయనా."

మేం ముగ్గురం శిల్పుల కొట్టాల దారి పట్టేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మన నీడ మన కాళ్ళ కిందే దాక్కునే వేళ అది. ఆ దారిన వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఎప్పుడూ ఇటు ఉలి, అటు ఉలి, చెవులు గింగురుమంటాయి. ఆ రోజు కూడా మోగుతున్నాయి. చివరి కొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ చప్పుడూ లేదు. రేకుల కింద ఆరడుగుల నల్లరాతి అమ్మవారు నిలబడి ఉంది. నగలూ, చీర కుచ్చెళ్ళూ, పెదవీ అన్నీ వచ్చాయి. కళ్ళు మాత్రం ఇంకా చెక్కలేదు. రెప్పలుండాల్సిన చోట నున్నగా రాయి. ఆమె ముఖం తూర్పుకు ఉంది. ఆమె వీపు వెనక పడమటి గోడకు ఒక నిలువుటద్దం, దాని మీద ఎర్రగుడ్డ కప్పి ఉంది.

మౌనాచారి అని, ఆ కొట్టం ఆయనది. రెండు కళ్ళకూ పొరలు వచ్చిన ముసలాయన. అవ్వ అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"పనివాళ్ళేరీ ఆచారీ?" అని అడిగింది అవ్వ.

"పారిపోయినారు తల్లీ. నీకు తెలియందా?" అని ఆయన సుంకన్న వైపు తిరిగాడు. "సామీ, రాయి ఎంచేటప్పుడు మేం తట్టి వింటాం. గంట మాదిరి పలికితే మగరాయి, దేవుణ్ణి చెక్కుతాం. కంచు తాళం మాదిరి పలికితే ఆడరాయి, అమ్మవారిని చెక్కుతాం. ఈ రాయి గంట మాదిరి పలికింది. ఒక ఊరివాళ్ళు అడిగితే చెన్నకేశవుణ్ణి మొదలుపెట్టినాం. భుజాలదాకా వచ్చినాడు. అప్పుడు వచ్చింది తంటా. ఇట్లా మిట్టమధ్యాహ్నం, ఉలులు పక్కన పెట్టి అందరూ సద్దిమూట విప్పినప్పుడు, రాయి మూలగడం మొదలుపెట్టింది."

"రాయి మూలగడమా!" అని నవ్వాడు సుంకన్న.

"చెవి పెట్టు సామీ."

సుంకన్న నవ్వుతూనే వెళ్ళి విగ్రహం పక్కకు చెవి ఆనించాడు. నవ్వు ఆగిపోయింది. నేనూ ఆనించాను. కాగే రేకుల కింద నిలబడ్డ రాయి, చెంపకు మంచులా తగిలింది. లోపల సద్దు. నోరు మూసుకుని, ఎవరికీ వినబడకూడదని ఏడిచే మనిషి గొంతు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"లోపల ఎవరో ఉన్నారని పనివాళ్ళు వెళ్ళిపోయినారు" అన్నాడు ఆచారి. "నేను రాయిని కడిగించి, దుంగల మీదికి ఎత్తించి, పాదం నుంచి నెత్తిదాకా మళ్ళీ తట్టినా. అంతా కంచు. ఒక్కచోట కూడా గంట లేదు. నలభై ఏళ్ళ చెవి ఎట్లా మోసపోయిందా అని మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి గనిలో, సగం మట్టిలో పూడి ఉండగానే తట్టి చెప్పేసినా. పలికింది రాయి కాదు సామీ, దాన్ని పట్టుకున్న నేల."

"మరి అప్పటికే మగ భుజాలు చెక్కేసినారు కదా?"

"చెక్కింది చెక్కిందే. ఆ భుజాల్లోంచే అమ్మవారిని బయటికి తీసినాం. ఊరివాళ్ళకు వేరే రాయిలో కేశవుణ్ణి ఇచ్చినాం. ఉలి మొన రోజుకు ఇంతే, గోరు మందం. తొందరపడితే పగులుతుంది. నాకు చూపు లేదు, మా అమ్మాయే చేసింది. ఆయమ్మ బయటికి వచ్చేకొద్దీ సద్దు తగ్గుతా వచ్చింది. ఆగిపోయింది కూడా. నలభై రోజుల కిందట మళ్ళీ మొదలైంది. ఎందుకో తెలియడం లేదు."

నలభై అన్న మాట దగ్గర సుంకన్న చేయి నామం మీదికి వెళ్ళింది.

అప్పుడు విగ్రహం చాటు నుంచి ఆచారి కూతురు వచ్చింది. పేరు అంబిక. చేతులనిండా రాతిపిండి, కొంగు నడుముకు దోపి ఉంది. సుంకన్నను చూసి నిలబడిపోయింది. తర్వాత ముఖం విప్పారింది.

"సార్, మీరే వచ్చినారా? మందు వచ్చిందా?"

 సుంకన్న నేల చూశాడు.

"రాలేదా? పోనీలే సార్" అంది అంబిక. ఆ మగగొంతులో ఎంత మెత్తదనం!

అవ్వ కర్రతో అద్దాన్ని చూపించింది. "పౌర్ణమికి కళ్ళు తెరవాలంటివే. గుడ్డ తీయలేదేమమ్మా?"

వాళ్ళ ఇంటి ఆచారం అది. అమ్మవారి ఎదుట నిలబడి కన్ను చెక్కరు. మొదటి చూపు మనిషి మీద పడకూడదని, పక్కన నిలబడి, ఆ పూట ఎదురుగా తెచ్చి పెట్టే ఈ అద్దంలో చూస్తూ చెక్కుతారు. ఆ ముఖం పక్కనే చెక్కేవాళ్ళ ముఖమూ కనబడుతుంది. తండ్రికి చూపు లేదు. చెక్కితే అంబికే చెక్కాలి. పౌర్ణమికి పద్దెనిమిది రోజులుంది.

"తీయలేకున్నా అవ్వా. అద్దంలో ఆ పాతవాడు మళ్ళీ వస్తాండాడు. మందు వేసుకున్న రెండేళ్ళలో దూరం దూరం పోయినాడు, నా ముఖం నాకు మిగిలింది. మందు ఆగిన మొదటి వారం ఎక్కడో దారి చివర ఉన్నాడు. ఇప్పుడు గడపదాకా వచ్చినాడు. గడ్డం మీద చేయి పెడితే తగులుతున్నాడు. అమ్మవారు కళ్ళు తెరిచే పూట వాడు నా చోట నిలబడి ఉంటే? ఆయమ్మ మొదట చూసేది వాణ్ణి కదా?"

"అద్దంలో ఎవరుంటారమ్మా, వట్టి భయం" అన్నాడు సుంకన్న. ఊరికే నిలబడలేక, చరచరా నడిచి ఎర్రగుడ్డ లాగేశాడు.

లోపలి సద్దు ఠక్కున ఆగింది.

అద్దంలో సుంకన్న ముఖం, నుదుట నామం. భుజం మీదుగా అమ్మవారి ముఖం. కళ్ళు చెక్కని ఆ నున్నటి రాయి ఆయన్నే చూస్తోంది. వెనకే ఉన్న నాకూ కనబడింది. చూస్తోందనే చెబుతాను, ఇంకో మాట నాకు రాదు. మరిచిపోకండి, అమ్మవారు తూర్పుకు తిరిగి ఉంది. అద్దానికి కనబడాల్సింది ఆమె వీపు. నేను తల తిప్పి విగ్రహాన్ని చూశాను. అది తూర్పుకే ఉంది.

సుంకన్న చేతిలోంచి గుడ్డ జారింది. "స్టాకు ఉందమ్మా" అన్నాడు అద్దంలోకే చూస్తూ. "మొదటి రోజు నుంచీ ఉంది."

"తెలుసు సార్" అంది అంబిక. "రెండో అర, ఎడం పక్క. మీ అలమర తలుపు గాజుదే కదా."

"తెలిసీ ప్రతి వారం ఎందుకు వచ్చినావు?"

"ఈ వారమన్నా లేదనడానికి మీకు నోరు రాదేమో అనుకున్నా."

అవ్వ గుడ్డ తీసి మడిచి అంబిక చేతికిచ్చి, బయటికి నడిచింది. మేం వెనకే వచ్చాం. నాలుగు అడుగులు వేశామో లేదో, వెనక రేకుల కింద ఆ సద్దు మళ్ళీ మొదలైంది. సన్నగా, నోరు మూసుకుని. మేం ఎంత దూరం నడిచినా అది ఒక అడుగు వెనకే వస్తున్నట్టు ఉంది. దారిలో మిగతా ఉలుల చప్పుడు కూడా దాన్ని కప్పలేకపోయింది.

కుటీరం మలుపు దగ్గర సుంకన్న తట్టుకోలేకపోయాడు. "అవ్వా, ఇంత దూరం తిప్పినావు. ఇయ్యమన్నావా, వద్దన్నావా, ఆ మాట మాత్రం చెప్పలేదు. పైగా ఈరోజు ఆదివారం, షాపు మూసి ఉంది."

అవ్వ ఆగింది. కర్ర కొసతో ఆయన మొలతాడును మెల్లగా తట్టింది. అక్కడ ఇనుప చప్పుడైంది.

"ఆదివారం ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది నాయనా?"