సింహాసనమెక్కిన అతిథి

ఒకానొక రాజ్యానికి తూర్పు సగం నేల, పడమటి సగం ఇసుక. నేల సంగతి అందరికీ తెలిసిందే. దున్నితే పండుతుంది, గట్టు వేస్తే వేసినచోట పడి ఉంటుంది. ఇసుక అలాంటిది కాదు. కోట పడమటి బురుజెక్కి చూస్తే కంటికి ఆనినంత మేరా దిబ్బలే. నిరుడు ఇక్కడున్న దిబ్బ ఈ ఏడు ఇక్కడుండదు. వైశాఖంలో గాలి లేచిందంటే దిబ్బలన్నీ కొంగు దులుపుకుని నడక మొదలుపెడతాయి.

అయినా ఆ ఎడారి బీడు కాదు. దిబ్బకూ దిబ్బకూ నడుమ పల్లాల్లో జమ్మిచెట్లుండేవి. వాటి చుట్టూ రేగుపొదలు, దుబ్బుగడ్డి. ఆ గడ్డిలో బట్టమేక పిట్టలు తలలు నిక్కించి జమీందారుల్లా తిరిగేవి. ఇంకా లోపలికి పోతే ఉప్పుపర్ర వస్తుంది. అది ఎండలో చెరువులా మెరిసి దాహమైనవాణ్ణి వెర్రివాణ్ణి చేస్తుంది. ఒంటెల కాపరులు దాని మాయలో పడరు. పడిన నాలుగు చినుకులూ జారి ఒకచోట చేరేలా నేలను వాలుగా చదును చేసి, అడుగున గుంటలు కట్టుకున్నారు. అది తాగే నీళ్ళ దారి గనక ఆ వాలు మీద ఎంతటివాడైనా చెప్పులు విడిచే నడవాలి. తెలిసినవాడికి అది నిండు సంసారం, తెలియనివాడికి వట్టి ఇసుక.

ఆ తెలియనివాళ్ళలో మొదటివాడు రాజ్యమేలే ధ్వజకీర్తి మహారాజు.

మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పుకోవాలి. కాకపోతే పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. ఆయన బిరుదులు చదవడానికి ఇద్దరు భట్రాజులు కావలసి వచ్చేవారు. ఒకడు ఊపిరి పీల్చుకుంటుంటే రెండోవాడు అందుకోవాలి. ఆయన గర్వపడే వాటిల్లో నిజంగా గర్వపడదగ్గది ఒక్కటే ఉంది. అది వాళ్ళ తాతగారు కోటగుమ్మం మీద చెక్కించిన శాసనం.

“ఎడారి దాటి వచ్చినవాడికి ముందు నీళ్ళు, తరువాత పీట, ఆ తరువాతే పేరు అడగడం. వెళ్ళమనే మాట ఈ ఇంట లేదు.”

అది ఎడారి మర్యాద. పేదవాడి గుడారంలోనైనా, రాజుగారి నగరులోనైనా అదే పద్ధతి. ఎండలో పడి వచ్చినవాడు మిత్రుడో శత్రువో తేల్చుకునేలోగా ప్రాణం పోతుందని పెద్దలు పెట్టిన కట్టడి. ధ్వజకీర్తి దాన్ని ఏనాడూ తప్పలేదు. తప్పకపోవడమే కాదు, తప్పలేదని పదిమందికీ చెప్పుకునేవాడు.

ఒకనాడు పొరుగున నదుల దేశాన్నేలే చిత్రభానుడు విందుకొచ్చి, బురుజెక్కి, పడమటికేసి చూసి నవ్వాడు.

“బావా, నీ రాజ్యంలో సగం ఖాళీయేనన్నమాట!”

ఆ మాట ధ్వజకీర్తి గుండెలో ముల్లులా దిగింది. చిత్రభానుడటు వెళ్ళాడో లేదో ఇటు ఆజ్ఞ వెలువడింది. ఎడారిలో అన్నిటికన్నా ఎత్తైన దిబ్బ మీద పాలలాంటి తెల్లని కీర్తిమంటపం కట్టాలి. దానికి సున్నం కావాలి. సున్నానికి బట్టీలు కావాలి. బట్టీలకు కట్టెలు కావాలి. ఆ దిక్కున కట్టెంటే జమ్మే కదా! ముందు ఊరికి ఆనుకుని పడమటనున్న జమ్మితోపును నరికేశారు. అది చాలలేదు. ఇక ఎడారి లోపలి తోపులన్నీ నరకాలని రెండో ఆజ్ఞ సిద్ధమైంది. ముద్ర పడడమే తరువాయి.

అప్పుడు జోగవ్వ కొలువులోని సింగన ఇంటికి వచ్చింది. ఆమె ఒంటెల కాపరులకు పెద్ద. ఎండకు కాలి నల్లబడిన ముఖం, చేతిలో ములుకర్ర. సింగన రాజుగారి ఆస్థానంలో మాటకారి. ఆయనకు జీతమిచ్చేది నవ్వించడానికి. నవ్వు మాటున నిజం చెప్పడం ఆయన సొంత ఖర్చు మీద చేసే పని.

సింగన ముందు నీళ్ళిచ్చాడు, తరువాత పీట వేశాడు.

“అయ్యా,” అంది జోగవ్వ, “మా ఒంటెలు మేసేది ఆ ఆకు. మేం వండుకు తినేది ఆ కాయ. నాలుగు సజ్జ గింజలు పండేది ఆ నీడనే. వానలు ఎగ్గొట్టిన ఏట మమ్మల్ని కన్నతల్లి లెక్క సాకింది ఆ చెట్టేనయ్యా. అది పోతే మేం ఈ నేల మీద ఉండలేం. యాడికి పోవాలె?”

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే సింగన ఓదార్చి పంపేవాడేమో. ఏడవకుండా ఆ ప్రశ్న అడిగేసరికి ఆయనకు మాట ఇవ్వక తప్పలేదు.

“అవ్వా, ఆ ముద్ర పడనివ్వను. నా మాట నమ్ము,” అన్నాడు.

మర్నాడు కొలువులో సింగన మాట కదిపాడు. “ప్రభూ, ఆ చెట్లు…”

“చెట్లేమిటి!” అన్నాడు రాజు. “ఎడారంటే ఏమీ లేనిచోటు. ఏమీ లేనిచోట ఏదో ఒకటి కట్టేవాణ్ణి నేను. పొద్దస్తమానం ఒంటెలు నమిలే ముళ్ళకంపకు నా కీర్తి అడ్డమా?”

“ప్రభూ, ఆ చెట్టు వేరు…”

“చాలు! ఇంకోసారి నీ నోట చెట్టన్న మాట వచ్చిందా, ఆ నోట్లో నాలుక ఉండదు.”

సభ గడగడలాడింది. సింగన మాత్రం వినయంగా వంగి, “చిత్తం ప్రభూ. నా నోట ఆ మాట రాదు,” అన్నాడు. వంగినవాడు లేచేటప్పుడు ఆయన కళ్ళలో ఒక మెరుపుంది. ఎవరూ గమనించలేదు.

ఎందుకా మెరుపంటారా? ఆ నగరులో రాజుగారికి తప్ప అందరికీ తెలిసిన రహస్యమొకటుంది. పడమటి తోపు పోయినప్పటినుంచి ఇసుక నగరులోకి వస్తోంది. కొలువుకూటానికి పడమటి వైపు పెద్ద తలుపులు. తన ఎడారి తనకు కనిపించాలని రాజు వాటిని తెరిపించి ఉంచేవాడు. గాలి లేచిన రోజున గడప మీద, స్తంభాల మొదట్లో, సింహాసనం మెట్ల మీద ఇసుకే. రాజు నిద్రలేచేలోగా ఊడ్చేవాళ్ళు పరుగులు పెట్టి ఊడ్చి, తుడిచి, అద్దంలా మెరిపించేవారు. ఇసుక వచ్చిందంటే ఎందుకొచ్చిందని అడుగుతాడు. ఎందుకొచ్చిందో చెప్పే ధైర్యం ఎవడికుంది? తప్పు రాజుది, నడుం నొప్పి చీపుళ్ళవాళ్ళది.

కీర్తిమంటపం శంకుస్థాపనకు చిత్రభానుణ్ణే పిలిచాడు ధ్వజకీర్తి. సగం ఖాళీ అన్నవాడి కళ్ళముందే కట్టాలని ఆయన పంతం. ఆ పూటే రెండో ఆజ్ఞ మీద ముద్ర వేస్తానన్నాడు. అతిథికి ఎదురేగడానికి తూర్పు సరిహద్దు దాకా తానే బయలుదేరాడు. పోతూ పోతూ నగరు బాధ్యత సింగనకు అప్పగించాడు.

“నేను వచ్చేసరికి కొలువుకూటం కళకళలాడాలి!”

“నిండుగా ఉంటుంది ప్రభూ,” అన్నాడు సింగన.

రాజు పల్లకి గుమ్మం దాటగానే సింగన ఊడ్చేవాళ్ళను పిలిచాడు. “నాయనా, అమ్మా, రాజుగారు వచ్చేదాకా మీకు సెలవు. చీపురు ముట్టుకుంటే ఒట్టే.”

వాళ్ళు లబలబలాడారు. “అయ్యో సామీ! రాజుగారు చూస్తే మా వీపులు చిట్లుతాయి.”

“చూడాలనే కదా! మీ వీపులకు నా వీపు అడ్డం. వెళ్ళి పడుకోండి.”

పడమటి తలుపులు బార్లా తీయించాడు. ఆ ఏడు వైశాఖం గాలి ఎవరితోనో పందెం కాసినట్టు వీచింది. ఆపే తోపు లేదు. కట్టెల బండ్లు తొక్కీ తొక్కీ గడ్డి కూడా మిగల్లేదు. ఇక ఇసుకకేం, అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా దర్జాగా లోపలికి నడిచింది.

రాజులిద్దరూ తూర్పు గుమ్మం నుంచి వచ్చారు. ధ్వజకీర్తి పల్లకి దిగి చిత్రభానుణ్ణి చెయ్యి పట్టుకుని శాసనం ముందు నిలబెట్టాడు. గొంతెత్తి తానే చదివాడు.

“మా తాతల నాటి మాట బావా. ఇవాళ్టికీ తప్పలేదు.”

కొలువుకూటం తలుపు దగ్గర సింగన నీళ్ళచెంబుతో నిలబడి ఉన్నాడు.

“ప్రభూ, తమరు లేనప్పుడు ఎడారినుంచి అతిథి ఒకాయన వచ్చాడు.”

రాజు ముఖం వెలిగిపోయింది. సమయానికి దొరికాడు అతిథి! చిత్రభానుడికేసి చూస్తూ, “నీళ్ళిచ్చావా?” అన్నాడు.

“ఇచ్చాను ప్రభూ. ఎన్ని పోసినా తాగుతూనే ఉన్నాడు.”

“పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో! మరి పీట?”

“పీట వేయబోయాను. ఈలోగా ఆయనే వెళ్ళి తమ సింహాసనం మీద కూర్చున్నాడు.”

రాజు మీసం అదిరింది. కానీ పక్కన చిత్రభానుడున్నాడు, వెనక గుమ్మం మీద ఇప్పుడే చదివిన శాసనముంది. మింగలేక కక్కలేక, “అతిథికి… సింహాసనమైనా తక్కువే,” అన్నాడు.

“ఆ మాట తమ నోటనే వినాలని కాచుకున్నాను ప్రభూ. లేవమని చెప్పలేక చచ్చాను.”

“ఇంతకీ ఎవరాయన?”

“నీళ్ళూ అయ్యాయి, పీటా అయింది. ఇక పేరు అడగవచ్చు,” అంటూ సింగన తలుపు తోశాడు.

తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగాన్ని లోపలినుంచి ఇసుక పట్టుకుంది. కూటమంతా మోకాలెత్తున ఇసుక. స్తంభాల చుట్టూ ఇసుక. సింహాసనం మీద, రాజుగారు కూర్చునేచోట, గుండ్రంగా, ఠీవిగా, బొజ్జ పెంచిన షావుకారులా ఒక దిబ్బ కూర్చుని ఉంది. దాని మీద ఉడుమొకటి ఎండ కాచుకుంటూ రాజును ఎగాదిగా చూసింది.

చిత్రభానుడు ఫక్కున నవ్వాడు. ధ్వజకీర్తి ముఖం కందగడ్డ అయింది.

“సింగనా! బయటికి పంపు దీన్ని!”

“వెళ్ళమనే మాట ఈ ఇంట లేదు ప్రభూ. ఇప్పుడే కదా చదివారు?”

“భటులారా, పట్టుకోండి!”

భటులు ఉరికి దోసిళ్ళతో పట్టారు. పట్టింది పట్టినట్టే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఒకడు కత్తి దూశాడు గానీ ఎక్కడ పొడవాలో వాడికే తెలియలేదు.

“వీణ్ణి పట్టి ఆపగలవాళ్ళు నా రాజ్యంలో లేరా?” అని అరిచాడు రాజు.

“లేకేం ప్రభూ! ఊరికి పడమట తరతరాలుగా కాపలా ఉన్నారు. జీతం అడగలేదు. నీళ్ళయినా అడగలేదు, పాతాళంలోంచి తామే తోడుకున్నారు. ఈయన ఎప్పుడు బయలుదేరినా కాళ్ళు పట్టుకుని, బతిమాలి, ఊరి బయటే కూర్చోబెట్టేవారు. అందుకే మన ముత్తాతల కాలం నుంచీ ఈయన ఇంతదాకా రాలేదు.”

“అంతటి వీరులా! నాకెందుకు చెప్పలేదు? వెంటనే పిలిపించు!”

“రాలేరు ప్రభూ. సున్నపు బట్టీలో ఉన్నారు.”

“బట్టీలోనా! ఎవడు వేశాడు?”

“తమ ముద్ర పడిన ఆజ్ఞే.”

రాజు పడమటికి తిరిగాడు. తెరిచిన తలుపుల్లోంచి పడమటి మైదానం కనిపిస్తోంది. అక్కడ నరికిన మొదళ్ళు తప్ప ఏమీ లేవు. వాటి మీదుగా సన్నగా, ఎడతెగకుండా ఇసుక పారుతోంది. అది చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“సింగనా, నువ్వు చెప్పేది ఆ… జమ్మిచెట్ల సంగతా?”

సింగన గభాలున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ళ సందునుంచి మెల్లగా అన్నాడు. “నేననలేదు ప్రభూ. తమరే అన్నారు. నా నాలుక నాకుంది.”

రాజు సింహాసనం మీది దిబ్బను చూశాడు, ఉడుమును చూశాడు, నోరు మూసుకుని నిలబడ్డ సింగనను చూశాడు. ముందు పొట్ట కదిలింది, తరువాత భుజాలు, ఆ తరువాత కూటం మారుమోగేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ చివరికి ఇసుకలోనే కూలబడ్డాడు.

“బావా,” అన్నాడు చిత్రభానుడితో, “ఖాళీ అన్నావు. చూడు, ఖాళీ ఎంత బరువుందో! తలుపు కూడా కదలనివ్వడం లేదు.”

చిత్రభానుడు చెప్పులు విడిచి లోపలికొచ్చి ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నాడు. “తప్పయింది బావా,” అన్నాడు.

రెండో ఆజ్ఞను రాజు అక్కడికక్కడే చింపేశాడు. బట్టీలు చల్లారాయి. మెళ్ళోని ముత్యాలహారం తీసి సింగన మెళ్ళో వేసి, “ఇంకేం కావాలో కోరుకో,” అన్నాడు.

“ఊడ్చేవాళ్ళను ఎవరూ కొట్టకూడదు. మరొకటి, సింహాసనం మీది అతిథిని ఊడ్పించకండి. పడమట మళ్ళీ పచ్చబడేదాకా ఆయన్ను అక్కడే ఉండనివ్వండి. కనిపించని తప్పు తొందరగా మరుపున పడుతుంది ప్రభూ.”

రాజు మాట మీద నిలబడ్డాడు. సింహాసనం పక్కన పీట వేయించుకుని, దాని మీద కూర్చునే రాజ్యమేలాడు. పొద్దున్నే కొలువుకొచ్చి దిబ్బకు దండం పెట్టి, “అయ్యా, తమరికి సుఖమేనా?” అని పలకరించేవాడు. భట్రాజులు బిరుదులందుకోబోతే, “ముందు పెద్దాయన్ను పొగడండి,” అనేవాడు. దిబ్బకు బిరుదులు దొరక్క వాళ్ళు నీళ్ళు నమిలేవారు.

జమ్మి మొండిది. మొదలంటా నరికినా వేరు చావదు. ఆషాఢంలో నాలుగు చినుకులు పడగానే మొదళ్ళనుంచి చిగుళ్ళు లేచాయి. మేకలు ముట్టకుండా రాజు కంచె వేయించాడు. కాపలా పెట్టాడు. కొన్నేళ్ళకు పడమట సన్నని పచ్చని గీత కనిపించింది. ఆ ఏటి వైశాఖం గాలికి ఇసుక బయలుదేరి, ఆ గీత దాకా వచ్చి, అక్కడే కూర్చుంది.

ఆ కబురు విని జోగవ్వ కాపరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఒంటెలతో నగరుకొచ్చింది. ఆమె ఎవరో రాజుకు తెలియదు. అయినా పీట మీదినుంచి లేచి తన చేత్తో నీళ్ళిచ్చాడు. తన పీటే ఆమెకు వేశాడు. ఆ తరువాత పేరు అడిగి, “ఏం పనిమీద వచ్చావవ్వా?” అన్నాడు.

జోగవ్వ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ములుకర్రతో సింహాసనాన్ని చూపింది.

“మావాడొకడు దారి తప్పి మీ ఇంట్ల దిగిండు గద, రాజా. శానా ఏండ్లాయె. ఇంటికి తోల్కపోదామని వచ్చిన.”

ధ్వజకీర్తి మళ్ళీ ఆనాటిలాగే నవ్వాడు. నవ్వుతూనే కిరీటం తీసి పక్కనపెట్టి, మొదటి గంప ఇసుక తానే ఎత్తి ఆమె ఒంటె మీద పెట్టాడు.