రాజ్యలక్ష్మి పెళ్ళికార్డు

కిరీటికి కోపం వచ్చింది. తాను మూడు పేజీలు రాసిచ్చిన ఆ నెల కబుర్లను రహంతుల్లా సార్ రెండు వాక్యాలు చేసి వెబ్‌సైట్‌లో పెట్టేశాడు.

"ఈ నెల కొన్ని తప్పులు దిద్దినాం. తప్పులు చెప్పినవాళ్ళకు కృతజ్ఞతలు." అంతే.

సార్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ప్రొద్దుటూరులో ఒక వాచీల షాపు పైన గది తీసుకుని, పాత కంప్యూటర్లను కూడా నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసి, అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేవాడు. దానికి చలివేంద్రం అని పేరు పెట్టాడు. బళ్ళలో, చిన్న చిన్న ప్రెస్సుల్లో దాన్నే వాడేవాళ్ళు. అందులో ఏ నెల ఏం మారిందో రాసే పని శిష్యుడు కిరీటిది.

"కంప్యూటర్ లేచే టైము సగానికి తగ్గించినా సార్. ఆ మాట కూడా కొట్టేసినారు."

"తొందరగా లేస్తే వాళ్ళకే తెలుస్తుంది గదా నాయనా."

"చేసింది నేనని తెలియదు గదా."

సార్ నిజమేనన్నట్టు తలూపాడు. దాంతో కిరీటికి ఇంకా మండింది.

"నేను విడిపోతా సార్. ఇదే కోడు తీసుకుని సొంతంగా ఇంకోటి నడుపుకుంటా. పేరు కూడా అనుకున్నా. వజ్రాయుధం."

"కోడు అందరిదీ. తీసుకుపో," అన్నాడు సార్. తర్వాత సొరుగు లాగి, చలివేంద్రం వాడేవాళ్ళు ఇబ్బంది వస్తే చేసే, అంకెలు అరిగిపోయిన చిన్న ఫోను, దాని చార్జరు తీసి కిరీటి చేతిలో పెట్టాడు. "ఇది కూడా."

"ఇదెందుకు?"

"జనం వస్తారు. ఫోనెత్తేవాళ్ళు ఉండాల గదా. నాకూ కొన్నాళ్ళు రెస్టు."

సార్ ఓడిపోయాడనుకుని కిరీటి మెట్లు దిగాడు.

వజ్రాయుధం తొలి ప్రకటన ఐదు పేజీలు వచ్చింది. "పాత సామానంతా ఊడ్చేశాం. ఇక మెరుపే" అని మొదలవుతుంది. ఊడ్చిన మాట నిజమే. తెలుగు ఒత్తులను అక్షరాల కింద కూర్చోబెట్టే భాగం ఒకటి సార్ ఎప్పుడో రాసుంచాడు. వంకరటింకరగా, చదివితే తలనొప్పి వచ్చేలా ఉండేది. కిరీటి దాన్ని కూడా ఊడ్చాడు.

ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకాయన స్క్రీన్ నల్లగా ఉందన్నాడు. అరగంట తంటాలు పడ్డాక తేలింది, వాళ్ళ వీధిలో కరెంటు లేదు. ఒకావిడ ఫిర్యాదు ఏమీ లేదని చెప్పి, సార్‌కు మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగి పెట్టేసింది. మెరుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున మైదుకూరు నుంచి ఓబులేసు చేశాడు. పెళ్ళికార్డుల ప్రెస్సు ఆయనది.

"అబ్బీ, నీ మెరుపు చదివి మార్చుకుంటి. అక్షరాలన్నీ విడిపోయి ఎవరి పాటికి వాళ్ళు నిలబడుకోనుండాయి. పెండ్లికూతురు మా అక్క కూతురు. రాజ్యలక్ష్మి. నువ్వే కొట్టి చూడు."

కిరీటి తన కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. రాజ్‌యలక్‌ష్‌మి అని పడింది.

"కార్డు శాంపిల్ చూసి మగపెండ్లివాళ్ళు ఇదేం పేరని అడుగుతాండారు. సాయంత్రానికి కార్డులు పోవాల. మా అక్క ఈడనే కూర్చోనుంది. నాతో మాట్లాడ్డంల్యా."

కిరీటి కూర్చున్నాడు. ఒత్తులను కలపడం ఎంతసేపు అనుకున్నాడు. మధ్యాహ్నానికి కొత్తగా ఒకటి రాసి పంపాడు.

ఓబులేసు మళ్ళీ చేశాడు. "పెండ్లికూతురు బాగైంది అబ్బీ. పెండ్లికొడుకు చెడిపోయినాడు."

వరుడు చంద్రశేఖర్. అతని రావత్తు ఎగిరిపోయి చందశేఖర్ అయ్యాడు. దాన్ని దిద్దితే ఆహ్వానంలో వావత్తు జారి పక్క అక్షరం కింద పడింది. దాన్ని ఎత్తితే కళ్యాణం కుంటింది.

అప్పుడు కిరీటి, పారేసిన పాత భాగాన్ని తెచ్చి ముందు పెట్టుకున్నాడు. ఈసారి మొదటినుంచి చదివాడు. ఈ వంకర ఎందుకని విసుక్కున్న చోటల్లా ఏదో ఒక ఒత్తు పడిపోకుండా పట్టుకుని ఉంది. ఒక్క చుక్క కూడా మార్చకుండా దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి పంపాడు.

సాయంత్రం ఓబులేసు ఫోను. "మునుపెట్లుండెనో అట్లనే ఉంది. మా అక్క ఇప్పుడే నీళ్ళు తాగింది. నువ్వూ సారూ పెండ్లికి రావాల."

పెళ్ళినాడు మండపం వాకిట్లో పెద్ద బోర్డు పెట్టారు. రాజ్యలక్ష్మి, చంద్రశేఖర్. ఓబులేసు ప్రెస్సులో కొట్టిందే. కిరీటి దాని పక్కన నిలబడ్డాడు. చుట్టాలు వస్తున్నారు, పన్నీరు చల్లించుకుంటున్నారు, పేర్లు ఒకసారి చూసుకుని సరైన పెళ్ళికే వచ్చామని లోపలికి పోతున్నారు.

కిరీటి లోపలికి వెళ్ళేసరికి భోజనాల బంతి సాగుతోంది. సార్ పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంది. కూర్చున్నాడు.

"అంతసేపు వాకిట్లో ఏం చేస్తాంటివి?" అన్నాడు సార్.

"బోర్డు దగ్గర నిలబడినా సార్. ఇంతమంది వచ్చినారు. ఆ క్ష్మి వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు."

సార్ పప్పన్నం కలుపుకుంటూ అన్నాడు.

"అయితే బాగా కుదిరింది."