తొమ్మిది పాలికల పెళ్లి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ముప్పై ఏనుగులు, మూడు వందల రకాల పంటలు ఉండేవి. ఏనుగులను రోజూ పొద్దున్నే లెక్కపెట్టించుకునేవాడు కానీ పంటల సంగతి ఆయనకు పట్టేది కాదు. పిల్లలూ, పొరపాటంతా అక్కడే ఉంది.

ఒకరోజు ఏడు సముద్రాల అవతలి నుంచి కరకంఠుడనే మాంత్రికుడు వచ్చాడు. బంగారు రంగు వడ్లు దోసిట్లో పోసి, ఇవి మూడింతలు పండుతాయన్నాడు. బదులుగా రాజ్యంలోని పాత విత్తనాలన్నీ ఇచ్చెయ్యమన్నాడు. ఓస్, అంతేనా అనుకున్నాడు రాజు. భటులు ఇంటింటికీ తిరిగి విత్తనాల కుండలన్నీ ఊడ్చుకుపోయారు.

మొదటి ఏడు బ్రహ్మాండంగా పండింది. రెండో ఏడు ఆ వరికి ఎర్ర తెగులు పట్టింది. ఒక చేను నుంచి పక్క చేనుకు, అక్కడి నుంచి ఆ పక్క చేనుకు, వారం తిరిగేసరికి రాజ్యమంతా పాకింది. అన్ని చేలల్లోనూ ఉన్నది ఒకటే పైరు మరి. పోనీ జొన్న తిందామంటే జొన్న లేదు, రాగి లేదు, కంది లేదు. గాదెల్లో ఆరు నెలల తిండే మిగిలింది.

అప్పుడే చిన్న రాజకుమారుడు సుకేతుడికి చెంగలి అనే రైతుబిడ్డతో పెళ్లి కుదిరింది. మట్టి పాలికల్లో తొమ్మిది రకాల గింజలు చల్లి, అవి మొలకెత్తాకే తాళి కట్టడం ఆ రాజ్యంలో ఆచారం. పురోహితుడు తొమ్మిది పాలికలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చల్లడానికి ఒకటే రకం గింజ ఉంది, అదీ తెగులు గింజ. పెళ్లి ఆగిపోయింది. తాను చేసిందేమిటో రాజుకు అప్పుడు తెలిసొచ్చి, అందరి ముందూ ఏడ్చేశాడు.

విత్తనాలు తెస్తానని పెద్దవాడు బయలుదేరి మూడో సముద్రం దగ్గరే తుఫానుకు బెదిరి వచ్చేశాడు. రెండోవాడు ఐదో సముద్రంలో దారి తప్పి, గడ్డం పెంచుకుని వచ్చాడు. ఇక సుకేతుడు లేచాడు.

చెంగలి తన ఇంటి చూరుకు వేలాడుతున్న కొర్రకంకిని తెచ్చి ఇచ్చింది. పిచ్చుకల కోసం కట్టింది కాబట్టి భటులు దాన్ని విత్తనమే అనుకోలేదు. “సగం వాడుకోండి, సగం తిరిగి తెండి. తొమ్మిదీ మొలిచేదాకా నేను తాళికి తల వంచను” అంది.

దారిలో పుట్ట తప్పిపోయి ఆకలితో పడివున్న చీమ కనబడితే సుకేతుడు సద్దిమూట విప్పి పెట్టాడు. ఎలుక కనబడితే పెట్టాడు. రెండూ అతనితో కలిసి నడిచాయి. చూరు మీది పిచ్చుక వెంటే వచ్చింది, దానికీ పెట్టాడు. పిచ్చుక ఏడు సముద్రాలకూ దారి చూపింది. చీమ మాంత్రికుడి కోటకు కాపలా ఉన్న భూతం చెవిలో దూరి కుట్టి పరిగెత్తించింది. ఎలుక కోట తలుపు తాళ్లు కొరికింది.

లోపల పంజరంలో ఒక చిలుక. మాంత్రికుడి ప్రాణం దాంట్లోనే ఉంది. ఎవరు పిలిచినా అది బయటికి రాదు. సుకేతుడు నాలుగు కొర్రగింజలు అరచేతిలో వేసి చూపించాడు.

“రెండేళ్లుగా పొద్దున అవే వడ్లు, మాపటికీ అవే వడ్లు. నా నోరు చచ్చిపోయింది నాయనా” అంటూ చిలుక తనంతట తానే వచ్చి అతని చేతి మీద వాలింది.

తన ప్రాణం అతని చేతికి చిక్కిందని చూసి మాంత్రికుడు పరుగున వచ్చి విత్తనాల గది తెరిచాడు. జాడీల నిండా గింజలే. కానీ అన్నీ వేయించినవి. రాజ్యమంతా ఏటా తన ముందే చెయ్యి చాపాలని, ఒక్క గింజా మొలవకుండా చేసేశాడు. సుకేతుడు ఇంత దూరం వచ్చి ఇదా అని కుప్పకూలిపోయాడు.

అప్పుడు ఎలుక నసుగుతూ దగ్గరికి వచ్చింది. “కొట్టనంటే ఒక మాట చెబుతాను. మీ చేలల్లో దొంగిలించినవన్నీ మేం తినెయ్యలేదు. మా కలుగుల్లో ఉన్నాయి.” తమ పుట్టల్లోనూ ఉన్నాయని చీమ ఒప్పుకుంది.

అందరూ తిరిగొచ్చారు. ఎలుకలు పాత రకం వడ్లు, జొన్నలు, కందులు, మినుములు, ఉలవలు మోసుకొచ్చాయి. చీమలు రాగులు, సజ్జలు, పెసలు బారులు తీరి తెచ్చాయి. మిగిలిన కొర్రగింజలను చెంగలే చల్లింది. మూడో రోజుకు ఎనిమిది పాలికలు పచ్చబడ్డాయి, కొర్ర మాత్రం రాలేదు. రాజు పాలిక పక్కనే కూర్చుని కదల్లేదు. నాలుగో రోజు పొద్దున మన్ను చీల్చుకుని సన్నటి మొలక తల ఎత్తింది. చెంగలి నవ్వుతూ తల వంచింది.

పెళ్లికొచ్చిన వాళ్లంతా తలా కాసిని గింజలు, మొలకలు పట్టుకెళ్లి నాటుకున్నారు. గాదెలు ఖాళీ అయ్యేలోగా తొలి పంట చేతికొచ్చింది. రకరకాల గింజల రుచి మరిగిన చిలుక సుకేతుడి భుజం దిగలేదు. ప్రాణం వెంట పరిగెత్తుకొచ్చిన మాంత్రికుడు ఉలవచేను దున్నుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

సుకేతుడు, చెంగలి అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ముసలిరాజు మాత్రం బతికినన్నాళ్లూ ఏనుగుల జోలికి పోలేదు. పొద్దున్నే లేచి, ఎన్ని రకాల పంటలున్నాయో చేను చేనుకూ నడిచి లెక్కపెట్టుకునేవాడు.