మూడో ప్రశ్నకు జవాబు

కొంగలమిట్ట విద్యాపీఠంలో విరూపాక్షానికి వచ్చిన కష్టం మామూలు కష్టం కాదు. తనంతటి ధారణ ఉన్నవాడు చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో లేడని అతనికి తెలుసు. లోకానికి మాత్రం తెలియదు. ఇరవై మూడేళ్ళ వయసులో ఇంతకంటే పెద్ద బాధ ఏముంటుంది, మీరే చెప్పండి!

ధారణంటే ఒక్కసారి విన్నదాన్ని విన్నట్టు మనసులో నిలుపుకోవడం. ఆ పీఠం పేరు మోగిందే దానివల్ల. అక్కడ చేరాలని వచ్చినవాణ్ణి గురువు చెన్నకేశవయ్యగారు చిన్నగదిలో కూర్చోబెట్టుకుని మూడే మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ ఊరినుంచి వచ్చావు? ఎందుకొచ్చావు? దేనికి భయపడతావు?

ఆ జవాబులు తాటాకు మీదికి ఎక్కకూడదు. పక్కన ఒక శిష్యుడు కూర్చుని, వచ్చినవాడు దగ్గిన దగ్గుతో సహా అంతా మనసులో పెట్టుకోవాలి. ఏడాది తిరిగాక ఆ వచ్చినవాణ్ణి మళ్ళీ అదే గదిలోకి పిలిచి, తలుపు వేసి, అతని మాటలు అతనికే అప్పజెప్పాలి. అప్పుడెలా ఉండేవాడో, ఇప్పుడెలా అయ్యాడో అతనే చూసుకుంటాడు. అక్కడితో ఆ మాటల పని అయిపోయినట్టే.

నాలుగేళ్ళుగా ఆ పక్కన కూర్చునే పని విరూపాక్షానిది. నలభై ఒక్క మంది మాటలు అతని తలలో ఉన్నాయి. ఒక్క అక్షరం పొల్లుపోదు. అయితే ఏం లాభం? చెప్పేది ఒక్కడికి, అదీ తలుపు వేసి. విన్నవాడు కళ్ళు తుడుచుకుని, దండం పెట్టి వెళ్ళిపోతాడు. ఒక్క చప్పట్టైనా లేదు.

అలాంటి సమయంలో జమీందారుగారు పీఠం చూడడానికి వచ్చారు. వెంట ఏటి అవతలి పాఠశాల పెద్ద, వేదాద్రి పండితుడు కూడా వచ్చాడు. గురువుగారు పొద్దున్నే పక్క ఊళ్ళో జబ్బుపడ్డ స్నేహితుణ్ణి చూడడానికి వెళ్ళారు. శిష్యులందరినీ సభ తీర్చి, పెద్దవాళ్ళకు మర్యాదలు చేసే పని విరూపాక్షం మీద పడింది.

పండితుడు కూర్చున్నాడో లేదో తన శిష్యుల గొప్పలు మొదలుపెట్టాడు. వాడు వెయ్యి శ్లోకాలు చెబుతాడు, వీడు వెనకనుంచి ముందుకు చెబుతాడు అంటూ ఒకటే ఊదర.

విరూపాక్షానికి ఒళ్ళు మండిపోయింది. "మా పీఠంలో ఆ పని వంటవాడు కూడా చేస్తాడండి," అన్నాడు.

జమీందారుగారు పకపకా నవ్వారు. పండితుడు నవ్వలేదు. "పుస్తకంలో ఉన్నది ఎవరైనా బట్టీ పడతారయ్యా. పుస్తకంలో లేనిది చెప్పు, చూద్దాం," అన్నాడు.

పుస్తకంలో లేనివి విరూపాక్షం దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటికంటే తాజాది లింగన్నది. నెల కిందటే వచ్చిన కుర్రవాడు, చదువులో చురుకు, మాటలో పొదుపు. విరూపాక్షం లేచి, ఉత్తరీయం సర్దుకుని మొదలుపెట్టాడు.

అబ్బ, ఏం చెప్పాడండీ! గురువుగారి గొంతు గురువుగారిదే, లింగన్న యాస లింగన్నదే. ఎక్కడ ఆగాడో అక్కడ ఆగాడు, ఎక్కడ గుటక మింగాడో అక్కడ మింగాడు. మొదటి ప్రశ్న అయింది, రెండోది అయింది. అదే ఊపులో మూడోదీ అయింది. ఆ జవాబులో లింగన్న తల్లిని గురించిన ఒక మాట ఉంది. అదేమిటో నన్నడక్కండి. నేనూ చెబితే విరూపాక్షానికీ నాకూ తేడా ఏముంది?

సభంతా చప్పట్లు. జమీందారుగారు తన వేలికున్న ఉంగరం తీసి విరూపాక్షం వేలికి తొడిగారు. అతను గాలిలో తేలిపోతున్నాడు.

వెనక వరసలో లింగన్న కూర్చునే ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం గురువుగారు రాగానే విరూపాక్షం ఎదురెళ్ళి అంతా చెప్పాడు. పండితుడి మొహం ఎలా మాడిపోయిందో చెప్పాడు. ఉంగరం చూపించాడు. "మన పీఠం పరువు ఆకాశానికి ఎత్తానండి గురువుగారూ!" అన్నాడు.

"ఏం చెప్పావు?"

"లింగన్న ప్రవేశ సంభాషణండి. మొదటినుంచి చివరిదాకా."

గురువుగారు కాళ్ళు కడుక్కుంటున్నవారు చెంబు కింద పెట్టారు. "లింగన్న ఎక్కడ?" అన్నారు.

లింగన్న తన అరుగు మీద బట్టలు మూటగట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం నుంచి ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. ఒకడైతే వెళ్తూ వెళ్తూ వాళ్ళమ్మ క్షేమసమాచారం అడిగి, నవ్వుకుంటూ పోయాడట. గురువుగారు వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు.

"రేపు పొద్దున సభ ఉంది నాయనా. అది చూసి వెళ్ళు," అన్నారు. "ఆ తర్వాత ఉండమని నేను అడగను."

విరూపాక్షాన్ని ఒక్క మాట అనలేదు. అతనికి అదేదో మెచ్చుకోలులాగే తోచింది పాపం.

మర్నాడు పొద్దున సభలో, రాత్రి అక్కడే బస చేసిన జమీందారుగారే అడిగారు. "శిష్యుడే అంతవాడైతే గురువు ఎంతవారో! మీ నోట కూడా ఒకటి వినిపించాలి."

చెన్నకేశవయ్యగారు నలభై ఏళ్ళలో ఒక్క మాట తప్పలేదని ప్రతీతి. ఆ పేరే పీఠానికి పునాది. ఆయన నెమ్మదిగా లేచారు. "అలాగే దొరగారూ. విరూపాక్షం ఈ పీఠంలో చేరిన రోజు మాటలు చెబుతాను."

విరూపాక్షం గుండె ఉప్పొంగింది. అన్ని సంభాషణల్లోకీ గురువుగారు తనదే ఎంచుకున్నారు మరి! తల ఎత్తి చుట్టూ చూశాడు. మొదటి వరసలో మూట ఒళ్ళో పెట్టుకుని లింగన్న కూర్చున్నాడు.

"ఏ ఊరినుంచి వచ్చావు నాయనా?" గురువుగారు తన ప్రశ్నే తాను అడిగారు. వెంటనే గొంతు మారింది. పన్నెండేళ్ళ కిందటి, పదకొండేళ్ళ విరూపాక్షం గొంతు. "ఉప్పుటేరు అవతలండి. రెండు రోజులు నడిచానండి." మధ్యలో రెండు తుమ్ములు. సభ నవ్వింది. విరూపాక్షమూ నవ్వాడు.

"ఎందుకొచ్చావు?"

"చదువుకోవాలనండి. ఇంట్లో... ఇంట్లో కుదరదండి."

ఆ 'ఇంట్లో' దగ్గర విరూపాక్షం నవ్వు ఆగిపోయింది. తర్వాత వచ్చే ప్రశ్న ఏదో అతనికి తెలుసు. ఆ రోజు తనేం చెప్పాడో ఇంకా బాగా తెలుసు. ఆ రోజు పక్కన కూర్చునే శిష్యుడు లేక గురువుగారే విని మనసులో పెట్టుకున్నారు కాబట్టి, ఈ భూమ్మీద ఆ మాట తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు తను, రెండో ఆయన నిలబడి చెబుతున్నారు.

"దేనికి భయపడతావు?" అన్నారు గురువుగారు.

సభంతా చెవులు రిక్కించింది.

గురువుగారు నోరు తెరిచారు. మళ్ళీ మూశారు. నుదురు రుద్దుకున్నారు.

"తర్వాత జ్ఞాపకం లేదు," అన్నారు.

జమీందారుగారు ముందుకు వంగి, "ఏమిటీ?" అన్నారు.

"జ్ఞాపకం లేదండి దొరగారూ. పోయింది."

వేదాద్రి పండితుడు ఇక ఆగలేకపోయాడు. "నలభై ఏళ్ళ పేరు! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, అవి కూడా నిలవలేదా? మా పాఠశాలలో పిల్లలైనా ఇలా ఆగిపోరు!" అన్నాడు. సభలో గుసగుసలు మొదలయ్యాయి. పీఠం శిష్యులు సిగ్గుతో తలలు వంచుకున్నారు. గురువుగారు మాత్రం తల వంచలేదు. ఎప్పుడూ నిలబడేటట్టే నిటారుగా నిలబడ్డారు.

విరూపాక్షానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మరిచిపోలేదు. పన్నెండేళ్ళ కిందటి తుమ్ములు గుర్తున్నాయి, ఆ మాట గుర్తుండదా? తన గురువును తన మూలంగా నలుగురిలో చిన్నబుచ్చుతుంటే అతను చూడలేకపోయాడు. దిగ్గున లేచాడు. "ఆ జవాబు నేను చెబుతానండి! గురువుగారి మాట నేను పూర్తి చేస్తాను!"

"కూర్చో," అన్నారు గురువుగారు. "నా మరపు నాది. నువ్వు అందించనక్కర్లేదు."

అతను కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు, ఏం చేయాలో తెలియక.

జమీందారుగారికి కాస్త జాలి వేసింది. "పోనీలే. గురువుగారికి వయసు మీదపడింది. అబ్బాయీ, నువ్వైనా పీఠం పరువు నిలబెట్టు. నిన్న చెప్పావే, ఆ లింగన్న సంభాషణ, అదే మళ్ళీ చెప్పు. పండితులవారు ఇంకోసారి వింటారు."

విరూపాక్షం లింగన్న వైపు చూశాడు. లింగన్న చూపు నేల మీద ఉంది. వేళ్ళు మూట ముడిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఆ సంభాషణ విరూపాక్షం నాలుక చివరే ఉంది. మొదటి మాటనుంచి చివరి గుటకదాకా అంతా వరసగా ఉంది. అతను వేలినున్న ఉంగరం తీసి జమీందారుగారి ముందు పళ్ళెంలో పెట్టాడు.

"జ్ఞాపకం లేదండి," అన్నాడు.

"అదేమిటయ్యా! నిన్ననే కదా గడగడా చెప్పావు?"

"నిన్న చెప్పింది నిజం కాదండి. మూడో జవాబు నేను కల్పించి చెప్పాను. చప్పట్ల కోసం."

సభ గొల్లుమంది. "దొంగ ధారణ!" అన్నారెవరో. పండితుడు తొడ చరుచుకుని నవ్వాడు. నిన్న మెచ్చుకున్న నోళ్ళన్నీ ఇవాళ ఛీ కొట్టాయి. విరూపాక్షం చెవులు ఎర్రబడ్డాయిగానీ తల దించలేదు. గురువుగారు ఎలా నిలబడ్డారో అలాగే నిలబడ్డాడు.

అందులో ఒక్క అక్షరం కల్పితం లేదని సభలో గురువుగారు కాక మరొకడికీ తెలుసు. లింగన్న తలెత్తి విరూపాక్షాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మూట ముడి విప్పి, అందులోంచి పలక తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

జమీందారుగారు విసుగ్గా లేచారు. "ఏమిటండీ ఇది చెన్నకేశవయ్యగారూ! ధారణకు పేరుపడ్డ పీఠం అన్నారు. ఉన్నది ఇదా?"

చెన్నకేశవయ్యగారు వచ్చి విరూపాక్షం భుజం మీద చెయ్యి వేశారు. ఆయన మొహం అంతగా వెలగడం ఆ పీఠంలో ఎవరూ చూడలేదు.

"నిన్నటిదాకా ధారణకు నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి దొరగారూ," అన్నారు. "ఇవాళ్టినుంచి ఇద్దరం."